2డీ శాండ్‌బాక్స్‌లో నీళ్ళు స్పంజిలా అణిగిపోతున్నాయి, ఎక్కడ సరిచేయాలి?

#1 తూము

సొంతంగా రాస్తున్న 2డీ ఫిజిక్స్ శాండ్‌బాక్స్‌లో (వస్తువులు గీసి ఆడించే ప్రోగ్రాం) నీటి భాగం కుదరడం లేదు. కణాల పద్ధతే, ఎస్‌పీహెచ్ (స్మూత్డ్ పార్టికల్ హైడ్రోడైనమిక్స్, నీటిని కణాల గుంపుగా లెక్కించేది). అంకెలన్నీ ఇస్తున్నాను, చూసి చెప్పండి.

తొట్టి వెడల్పు 4 మీ., నీళ్ళు 2 మీ. ఎత్తున నింపాను. కణాల మధ్య ఎడం 0.05 మీ., స్మూతింగ్ రేడియస్ (ఒక కణం ప్రభావం చేరే దూరం) దానికి రెట్టింపు, 0.1 మీ. మొత్తం 3,200 కణాలు, ఒక్కోటి 2.5 కిలోలు. పీడనం = 50 × (సాంద్రత − 1000); సున్నా కంటే తగ్గితే సున్నాకి కట్ చేస్తున్నాను. సెకనుకి 60 ఫ్రేములు, ఫ్రేముకి 4 సబ్‌స్టెప్‌లు (ఫ్రేము కాలాన్ని ముక్కలు చేసి 4 సార్లు లెక్క).

తేడాలు ఇవీ. 2 మీటర్ల నీళ్ళు అణిగి 1.7 దగ్గర ఆగుతున్నాయి, ఆగేలోపు పరుపు మీద గెంతినట్టు ఊగుతున్నాయి. ఆ 50ని 4000 చేస్తే వెంటనే కణాలు తొట్టి దాటి ఎగిరిపోతున్నాయి. 5 సెం.మీ. మందం అడ్డుగోడకి ఒక పక్క నీళ్ళు కదిపితే రెండో పక్కవీ కదులుతున్నాయి. 0.4 మీ. చదరపు దిమ్మ, సాంద్రత 500, సగం మునగాలి కదా, 0.15 మీ. మాత్రమే మునుగుతోంది. సైఫన్ అయితే అసలు పారదు.

#2 అలజడి

మీరిచ్చిన అంకెలకి నీళ్ళు సరిగ్గానే నడుచుకుంటున్నాయండి, అంకెలే నీటివి కావు.

ఆ 50 ఉత్త గుణకం కాదు. పీడనం మార్పుని సాంద్రత మార్పుతో భాగిస్తే వచ్చేది ధ్వని వేగం వర్గం. అంటే మీ తొట్టిలో ధ్వని వేగం √50, సెకనుకి 7 మీటర్లు. అసలు నీటిలో అది 1,480 చిల్లర. ఇటు 2 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటి వేగం √(2 × 9.8 × 2) = 6.26. నీళ్ళు తమ ధ్వని వేగానికి దగ్గర దగ్గరగా కదులుతున్నాయన్నమాట. అది గాలి లక్షణం, నీటిది కాదు. 1977లో లూసీ ఒక పక్క, గింగోల్డ్, మోనహన్ ఇంకో పక్క ఈ పద్ధతిని పుట్టించింది నక్షత్రాల లెక్కల కోసం. వాయువు అణగడం దీని పుట్టుకలోనే ఉంది. నీళ్ళలా నిలబడాలంటే మనమే బలవంతంగా గట్టిపరచాలి.

అణగడం ఎంతో ముందే చెప్పేయొచ్చు. అడుగున పీడనం 1000 × 9.8 × 2 = 19,600 పాస్కల్స్. 50తో భాగిస్తే సాంద్రత పెరుగుదల 392, అంటే అడుగున 39 శాతం నొక్కుడు. పై నుంచి కింద దాకా కలిపి చూస్తే ఎత్తు = (50 ÷ 9.8) × సహజ లాగరిథమ్ (1 + 0.392) = 1.69 మీ. మీరు చూసిన 1.7 అదే.

వాడుకలో ఉన్న సూత్రం: ధ్వని వేగాన్ని గరిష్ఠ నీటి వేగానికి 10 రెట్లు పెట్టండి. సాంద్రత తేడా సుమారుగా (నీటి వేగం ÷ ధ్వని వేగం) వర్గం కాబట్టి 1 శాతంలో ఉంటుంది. మీకైతే 62.6, దాని వర్గం 3,900 పైచిలుకు. మీ 4000 సరైన అంకే! దానికి తగ్గట్టు టైమ్ స్టెప్ తగ్గించలేదు, అంతే. స్టెప్ గరిష్ఠంగా 0.4 × స్మూతింగ్ రేడియస్ ÷ ధ్వని వేగం = 0.4 × 0.1 ÷ 62.6 = 0.00064 సె. మీది 0.0042. ఆరున్నర రెట్లు ఎక్కువ, పేలక ఏం చేస్తుంది?

#3 తూము

అంటే ఫ్రేముకి 26 సబ్‌స్టెప్‌లా? దిమ్మలు, తాళ్ళు, చక్రాలు కూడా అదే లూప్‌లో ఉన్నాయి. అంత మోయలేదు.

#4 అలజడి

దిమ్మల్ని దానిలోకి లాగకండి. ఘన వస్తువులు ఫ్రేముకి 4 సార్లే నడవనివ్వండి, నీళ్ళు లోపల ఇంకా చిన్న స్టెప్‌లలో నడుస్తాయి. నీటి సబ్‌స్టెప్‌లలో దిమ్మ మీద పడే బలాన్ని కూడబెట్టి, సగటు తీసి, దిమ్మ స్టెప్‌కి ఒకసారి ఇవ్వండి.

ఇంకోటి, 10 రెట్లు వేదవాక్కేమీ కాదు. ఆటలాంటి శాండ్‌బాక్స్‌కి 5 రెట్లు చాలు. ధ్వని వేగం 31.3, గుణకం 980, స్టెప్ 0.00128, ఫ్రేముకి 13 సబ్‌స్టెప్‌లు. అడుగున నొక్కుడు 2 శాతం, మట్టం 2 మీటర్లకి 2 సెం.మీ. తగ్గుతుంది. కంటికి ఆనదు.

టెయిట్ సమీకరణం (సాంద్రత నుంచి పీడనం తీసే ఇంకో సూత్రం) పెట్టమని ఎవరైనా అంటే తొందరపడకండి. సాంద్రత నిష్పత్తిని 7వ ఘాతానికి ఎక్కిస్తుంది. 2 శాతం దగ్గర దానికీ సరళరేఖకీ తేడా తక్కువే. కానీ దిమ్మకీ గోడకీ మధ్య కణాలు ఇరుక్కుని సాంద్రత 1,300 అయిందనుకోండి, అదే ధ్వని వేగానికి సరళరేఖ 2.94 లక్షల పాస్కల్స్ ఇస్తే టెయిట్ 7.4 లక్షలు ఇస్తుంది. ఇరుకులో పేలేది అందుకే.

#5 గడినుడి

గుణకాలు ముట్టుకునే ముందు సాంద్రత లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవాలి. దాన్ని వదిలేసి స్టిఫ్‌నెస్ (ఆ పీడన గుణకం) తిప్పుతూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి.

పరీక్ష ఇది. గురుత్వాకర్షణ ఆపండి. కణాల్ని 0.05 ఎడంతో నిలువు, అడ్డం వరుసల్లో పేర్చండి. మధ్యలో ఉన్న ఒక కణం సాంద్రత అచ్చు వేయండి. 2డీ పాలీ6 కెర్నల్ (కెర్నల్ అంటే దూరాన్ని బట్టి పొరుగు కణానికి ఎంత వాటా ఇవ్వాలో చెప్పే సూత్రం; గుణకం 4 ÷ పై × రేడియస్ 8వ ఘాతం) వాడుతుంటే 1014.6 రావాలి. 1000 రాదు, వరుసల పేర్పు వల్ల 1.5 శాతం ఎక్కువ చూపిస్తుంది. కణం బరువు 2.5 బదులు 2.464 చేస్తే 1000కి సర్దుకుంటుంది.

696 వస్తే కణం తనని తాను లెక్కలో కలుపుకోలేదు. పాలీ6లో సొంత వాటా 31 శాతం, అది మర్చిపోతే నీళ్ళు ఎప్పుడూ "పలచగా ఉన్నాం" అనుకుని నొక్కుకుపోతాయి. 12,500 దగ్గర వస్తే 3డీ కెర్నల్ గుణకం 2డీలో పెట్టేశారు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది 3డీదే కాబట్టి ఇది తరచూ జరిగే పొరపాటు.

పీడన బలానికి మాత్రం పాలీ6 వాలు వాడకండి. రెండు కణాలు దగ్గరయ్యే కొద్దీ దాని వాలు సున్నాకి పోతుంది, అంటే అతుక్కున్న జంటని విడదీసే బలమే ఉండదు. స్పైకీ కెర్నల్ అందుకే ఉంది. 2003లో మ్యూలర్ బృందం ఇంటరాక్టివ్ ద్రవాల పేపర్‌లో సాంద్రతకి పాలీ6, పీడనానికి స్పైకీ అని విడదీసింది ఈ కారణంతోనే.

#6 తూము

అన్ని కణాలకీ 1014 రాలేదు. మధ్య కణాలకి 1014.6 వస్తోంది గానీ, కొన్ని కణాలకి మాత్రం 1,300, 1,400 చూపిస్తోంది. అదీ తొట్టి ఎడమ సగంలోనే.

#7 గడినుడి

తొట్టి మధ్యలో సున్నా పెట్టుకున్నారు కదా? ఎడమ సగం అంటే రుణ కోఆర్డినేట్లు. రెండు చోట్ల చూడండి.

మొదటిది గడి సంఖ్య (పొరుగు కణాల్ని వెతకడానికి తొట్టిని గడులుగా విడగొడతారు కదా, అది). స్థానాన్ని గడి పరిమాణంతో భాగించి నేరుగా పూర్ణాంకంగా మారిస్తే చాలా భాషలు సున్నా వైపు కత్తిరిస్తాయి. −0.3 గడీ 0.3 గడీ రెండూ 0 అయిపోతాయి, ఆ గడి రెట్టింపు వెడల్పు అవుతుంది. ఫ్లోర్ ఫంక్షన్‌తోనే మార్చాలి. ఇది మామూలుగా వెతుకులాటని నెమ్మదింపజేస్తుంది గానీ సాంద్రతని పెంచదు.

మీ లక్షణానికి రెండోది ఎక్కువ సరిపోతోంది. హాష్ టేబుల్ (గడి సంఖ్యల్ని ఒక సూత్రంతో కలిపి, కణాల్ని బకెట్లలో, అంటే అరల్లో వేసే పట్టిక) వాడుతున్నారనుకుంటా. చుట్టూ ఉన్న 9 గడుల్లో రెండింటికి ఒకే బకెట్ తగిలితే ఆ బకెట్‌లోని కణాల్ని రెండుసార్లు లెక్కపెడతారు. రుణ సంఖ్యల్ని హాష్ ఎలా కలుపుతుందన్నదాన్ని బట్టి ఢీకొనడాలు ఒక వైపే ఎక్కువ కావచ్చు. మందు తేలిక: బకెట్‌లోంచి కణాన్ని తీసినప్పుడు దాని అసలు గడి, మీరు వెతుకుతున్న గడి ఒకటేనా అని పోల్చండి. మీ తొట్టికి హాష్ అసలు అక్కర్లేదు, 40 × 20 గడుల మామూలు పట్టిక సరిపోతుంది. హద్దులు లేని ప్రపంచమైతేనే హాష్.

గడి పరిమాణం స్మూతింగ్ రేడియస్‌కి తగ్గకూడదు, తగ్గితే పొరుగు కణాలు జారిపోతాయి. సమానంగా పెడితే గడికి 4 కణాల చొప్పున 36 కణాల్ని పరీక్షించి సుమారు 12ని ఉంచుకుంటారు. పట్టికే లేకుండా అందరితో అందరినీ పోలిస్తే 3,200 కణాలకి 51 లక్షల జంటలు, ప్రతి సబ్‌స్టెప్‌లోనూ!

13 సబ్‌స్టెప్‌లు భారమనిపిస్తే పొరుగు జాబితాని ప్రతిసారీ కట్టకండి. 0.12 మీ. లోపు ఉన్నవాళ్ళందరినీ జాబితాలో పెట్టి, ఏ కణమైనా 0.01 మీ. కదిలిందాకా అదే జాబితా వాడండి. 6.26 వేగంలో 0.00128 సెకన్లకి 0.008 మీ. కదులుతుంది, కాబట్టి ఉధృతంగా ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ కట్టాల్సి వస్తుంది. నీళ్ళు నిలకడైతే వందల సబ్‌స్టెప్‌లు ఒకే జాబితాతో నడుస్తాయి. శాండ్‌బాక్స్‌లో నీళ్ళు ఎక్కువసేపు నిలిచే ఉంటాయి కదా, లాభం అక్కడ.

#8 సుడిగుండం

ఇంత అవస్థ ఎందుకో నాకు అర్థం కాదు. పొజిషన్ బేస్డ్ ఫ్లూయిడ్స్ పెట్టండి, 2013లో మాక్లిన్, మ్యూలర్ ఇచ్చింది. స్టిఫ్‌నెస్ గుణకమే లేదు. "సాంద్రత 1000 ఉండాలి" అన్నది నియమం, దాన్ని తీర్చేలా కణాల స్థానాల్ని జరుపుతారు, జరిగిన దూరం నుంచి వేగం తీస్తారు. 4 సబ్‌స్టెప్‌ల బడ్జెట్‌లో పేలకుండా నడిచేది అదే. 2005 నాటి క్లావే బృందం డబుల్ డెన్సిటీ పద్ధతి ఇంకా తేలిక, వంద లైన్లలో అయిపోద్ది, తలతన్యత కూడా ఉచితం.

#9 అలజడి

పేలదు, నిజమే. అణగదు అనకండి. ఒక్కో ఇటరేషన్‌లో (కణాల్ని జరిపి సరిచేసే ఒక్కో విడతలో) సమాచారం ఒక స్మూతింగ్ రేడియస్ దూరమే పోతుంది, ఇక్కడ రెండు వరుసలు. 2 మీటర్ల నీరు 40 వరుసలు. పైవాళ్ళ బరువు అడుగుకి తెలియడానికే 20 ఇటరేషన్లు కావాలి. అందరూ పెట్టేది 3, 4. బకెట్ లోతు నీటికి భేషుగ్గా ఉంటుంది, లోతైన తొట్టిలో మళ్ళీ అదే స్పంజి.

పైగా అందులో గట్టిదనం ఇటరేషన్ల సంఖ్య మీదా, టైమ్ స్టెప్ మీదా ఆధారపడుతుంది. ఇక్కడ గుణకం చూసి మట్టం ఎంత దిగుతుందో కాగితం మీద చెప్పగలిగాం. అక్కడ చెప్పలేం.

#10 సుడిగుండం

ఒప్పుకుంటా, కానీ ఇటరేషన్లు పెంచే బదులు సబ్‌స్టెప్‌లు పెంచి ఒక్కో సబ్‌స్టెప్‌కి ఒక్క ఇటరేషన్ ఇస్తే అదే ఖర్చుకి గట్టిగా నిలబడుతుంది. 20 ఇటరేషన్ల ఒక్క స్టెప్ కంటే ఒక్కో ఇటరేషన్‌తో 20 సబ్‌స్టెప్‌లు మేలు. పొజిషన్ పద్ధతులన్నిటికీ 2019లో మాక్లిన్ బృందమే ఇది చూపించింది.

కణాలు గుంపులుగా అతుక్కుంటే పేపర్‌లో ఉన్న కృత్రిమ పీడనం (మరీ దగ్గరైన కణాల్ని కాస్త తోసేది) మర్చిపోయారని అర్థం: బలం 0.1, ఘాతం 4, పోలిక దూరం రేడియస్‌లో 0.1 నుంచి 0.3 వంతు. ఉపరితలం చీమల బారులా కనిపిస్తే పోలిక దూరాన్ని 0.2 దగ్గర పెట్టి చూడండి.

తూము గారికి నా సలహా మాత్రం ఇదే: వాడేవాళ్ళు ఏం గీస్తారో మనకి తెలీదు. నీటిలోకి 50 టన్నుల బండ పడేస్తారు. 13 సబ్‌స్టెప్‌ల ఎస్‌పీహెచ్ ఆ రోజు పేలుతుంది, పొజిషన్ పద్ధతి నలిగి మళ్ళీ కుదురుకుంటుంది.

#11 చుక్కాని

ఇద్దరూ చెప్పేది నిజమే, పని వేరు. కొలత కావాలంటే అలజడి గారి దారి, పేలకుండా ఆట సాగాలంటే సుడిగుండం గారిది. గోడల మాటకొస్తాను, అవి రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

అడ్డుగోడ 5 సెం.మీ., స్మూతింగ్ రేడియస్ 10 సెం.మీ. అవతలి కణం మీ పొరుగు జాబితాలో ఉంది. కెర్నల్‌కి గోడ ఉందని తెలియదు. నీళ్ళు కారడం లేదు, గోడలోంచి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గోడ మందం కనీసం స్మూతింగ్ రేడియస్ అంత ఉండాలి. సన్న గోడలు తప్పవంటే, గోడ తగిలే గడుల్లో ఉన్న కణాలకి మాత్రం, జంట మధ్య గీసిన గీత గోడని దాటుతుందేమో చూసి దాటితే ఆ జంటని వదిలేయండి. అన్ని జంటలకీ ఈ పరీక్ష పెడితే ఫ్రేములు పడిపోతాయి.

నిజంగా దూకి అవతలికి పోవడం వేరే జబ్బు. 4 సబ్‌స్టెప్‌లలో 6.26 వేగం అంటే స్టెప్‌కి 2.6 సెం.మీ., 5 సెం.మీ. గోడని దాటదు. సబ్‌స్టెప్ లేకుండా ఉంటే 10 సెం.మీ., దాటేస్తుంది. కణాల వేగానికి పరిమితి పెట్టండి: ఒక స్టెప్‌లో ఎడంలో సగానికి మించి కదలకూడదు.

గోడ పక్కన ఇంకో తేడా ఉంటుంది, గమనించారో లేదో. గోడ లోపల కణాలు లేవు కాబట్టి గోడ పక్క కణం సాంద్రత తక్కువ చూపిస్తుంది. దాంతో నీళ్ళు గోడకి ఒక చిక్కటి వరుసగా అంటుకుంటాయి. గోడ వెంట కూడా కణాలు పెట్టి సాంద్రతలో కలపాలి. రెండు వరుసలు పెడితే రేడియస్ నిండుతుంది. ఒక్క వరుసే చాలాలంటే 2012 నాటి అకింజీ పద్ధతి: ప్రతి గోడ కణానికీ, చుట్టూ ఉన్న గోడ కణాల కెర్నల్ మొత్తం తీసి, 1000ని దానితో భాగించి ఆ విలువని బరువుగా వాడతారు. గోడ కణాలు ఒత్తుగా ఉన్నచోట ఒక్కోటి తేలికవుతుంది, పలచగా ఉన్నచోట బరువవుతుంది. వాడేవాళ్ళు చేత్తో గీసిన వంకర గోడలకి ఇదే సరిపోతుంది. గోడ కణం పీడనం ఎంత అంటే, ఎదురుగా ఉన్న నీటి కణానిదే అద్దంలా వాడండి.

#12 తెప్ప

దిమ్మ సంగతి ఎవరూ అందుకోలేదు. తూము గారూ, దిమ్మ అంచు మీద కణాలు పెట్టారా? సరిగ్గా గీత మీద?

#13 తూము

అవునండి, దిమ్మలకి మాత్రం పెట్టాను. అంచు గీత మీదే, 0.05 ఎడంతో.

#14 తెప్ప

అక్కడే ఉంది. అంచు కణం నుంచి నీటి కణం ఒక ఎడం దూరంలో, 0.05 దగ్గర ఆగుతుంది. నీటి కణం సొంత స్థలం అందులో సగం. మిగిలిన 0.025 మీ. ఖాళీ ప్రతి వైపూ దిమ్మలో భాగంగా నీటిని తోసేస్తోంది. నీటి దృష్టిలో మీ దిమ్మ 0.4 కాదు, 0.45. దిమ్మ బరువు 0.16 × 500 = 80 కిలోలు. 0.45 వెడల్పుకి 80 కిలోల నీరు తొలగాలంటే 0.178 మీ. లోతు చాలు. అందులో అడుగు ఖాళీ 0.025 తీసేస్తే కంటికి కనిపించే మునక 0.153. మీరు చెప్పిన 0.15 అదే!

అంచు కణాల్ని 0.025 మీ. లోపలికి జరపండి, 0.2 దగ్గర నిలుస్తుంది.

చిన్న వస్తువులకి ఇంకో హద్దు ఉంది. వస్తువు వెడల్పు కనీసం 5 ఎడాలు, ఇక్కడ 25 సెం.మీ. ఉండాలి. కణం 2.5 కిలోలు, పావుకిలో బెండు ముక్కని అది ఢీకొంటే తేలడం కాదు, తూటాలా లేస్తుంది. చిన్నవి కావాలంటే ఆ చోట కణాలే చిన్నవి కావాలి, దగ్గరి దారి లేదు.

#15 బుడగ

నేను కోడ్ రాయను, అల్గోడూ, పౌడర్ టాయ్ అనే రెడీమేడ్ ఫిజిక్స్ శాండ్‌బాక్స్‌లు వాడతాను. ఇదంతా వాటికి వర్తిస్తుందా? పౌడర్ టాయ్‌లో యు ఆకారం గొట్టంలో నీళ్ళు రెండు వైపులా సమానం కావడం లేదు.

#16 గడినుడి

పౌడర్ టాయ్ వేరే జాతి. అక్కడ ద్రవం అంటే పిక్సెల్‌కి ఒక కణం, కిందికి జారు, కుదరకపోతే పక్కకి జారు అనే నియమాలు. అందులో కనిపించే పీడనం గాలిది, 4 × 4 పిక్సెళ్ళ గడుల మీద వేరుగా నడుస్తుంది. నీటి బరువు పీడనంగా మారదు, అందుకే పైకి ఎక్కదు. సిమ్యులేషన్ ఆప్షన్లలో వాటర్ ఈక్వలైజేషన్ ఉంది, అది వేయండి, మట్టాలు సమానమవుతాయి.

గడుల పద్ధతిలో సొంతంగా రాసేవాళ్ళకి ఒక చిట్కా: గడిలో నీటిని 0 నుంచి 1 దాకా సంఖ్యగా పెట్టి, కింది గడి పై గడి కంటే కొంచెం ఎక్కువ పట్టేలా చేస్తే, ఆ మిగులు పైకి తోసుకొస్తుంది, యు గొట్టం పనిచేస్తుంది. ఆ "కొంచెం" 0.02 పెట్టే అలవాటు ఉంది. 50 గడుల లోతుకి అది 50 బదులు 74.5 గడుల నీటిని మింగేస్తుంది. వాడేవాళ్ళకి నీళ్ళు మాయమైనట్టే. లోతైన లోకాలకి 0.002 పెట్టండి, మట్టం సమానం కావడం మాత్రం నెమ్మదిస్తుంది.

#17 అలజడి

అల్గోడూకి వర్తిస్తుంది, అది కణాలదే. దాని వెనకున్న పద్ధతిని బోడిన్, లకుర్సియేర్, సెర్విన్ కన్‌స్ట్రెయింట్ ఫ్లూయిడ్స్ పేరుతో వివరించారు. సాంద్రత నియమాన్ని గట్టి సాల్వర్‌తో (సమీకరణాల్ని సాధించే భాగంతో) తీరుస్తారు. అక్కడ గుణకాలు మీ చేతిలో లేకపోయినా సిమ్యులేషన్ ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు లెక్క నడవాలన్నది) ఉంది. నీళ్ళు అణిగినా, సన్న గోడ దాటినా ముందు దాన్ని పెంచండి. గోడలు మందంగా, గొట్టాలు కనీసం ఐదారు కణాల వెడల్పున గీయండి. మూడు కణాల వెడల్పు గొట్టంలో కణాలు వరుస కట్టి బిగుసుకుంటాయి, నీళ్ళు కాదు గొలుసు అవుతుంది.

#18 సుడిగుండం

బుడగ, ఇంకో మాట. చాలామంది గ్లాసు అనుకుని 2 మీటర్ల పాత్ర గీసి "నీళ్ళు జిగురులా నెమ్మదిగా ఉన్నాయి" అంటారు. చిక్కదనం తగ్గిస్తూ పోతారు. అది చిక్కదనం కాదు, కొలత. 10 సెం.మీ. గ్లాసుని 20 రెట్లు పెద్దగా గీస్తే కదలికలన్నీ √20, సుమారు 4.5 రెట్లు నెమ్మదిస్తాయి. సిమ్యులేషన్ వేగం 4.5 రెట్లు పెంచాలి, లేదా గురుత్వాకర్షణ 20 రెట్లు. గురుత్వం పెంచితే గరిష్ఠ వేగం కూడా 4.5 రెట్లు పెరిగి సబ్‌స్టెప్ లెక్క మొదటికొస్తుంది, ఊరికే రాదు.

#19 తూము

అంచు కణాలు జరిపాను, దిమ్మ 0.2 దగ్గర నిలిచింది. గుణకం 980, 13 సబ్‌స్టెప్‌లు, మట్టం 1.98. హాష్ తీసేశాను. కానీ ఇప్పుడు నీళ్ళు మరీ చిక్కగా, నూనెలా ఉన్నాయి. ఎక్స్ఎస్‌పీహెచ్ (పొరుగు కణాల వేగాల్ని కలిపే గుణకం) 0.1 అలాగే ఉంది, మార్చలేదు.

#20 అలజడి

మార్చకపోవడమే తప్పు. అది ప్రతి సబ్‌స్టెప్‌లో కణం వేగాన్ని పొరుగువాళ్ళ సగటు వైపు 10 శాతం లాగుతుంది. ముందు ఫ్రేముకి 4 సార్లు లాగేది, ఇప్పుడు 13 సార్లు. పాత ప్రభావమే కావాలంటే 1 − 0.9 యొక్క (4 ÷ 13)వ ఘాతం, సుమారు 0.032. ప్రతి "శాతం" గుణకానికీ ఇదే లెక్క: డ్యాంపింగ్, వేగం తగ్గింపు, అన్నీ.

నిజం నీటి చిక్కదనం 0.001 పాస్కల్ సెకను. 5 సెం.మీ. కణాలతో దాన్ని చూపించడం కుదరదు, లెక్కలో పుట్టే చిక్కదనమే దానికి ఎన్నో రెట్లు. కాబట్టి నీటికి, పేలకుండా ఉండే కనీస విలువ పెట్టి వదిలేయండి. లావాలాంటి వాటికి మాత్రం జాగ్రత్త: చిక్కదనానికీ టైమ్ స్టెప్ హద్దు ఉంది, 0.125 × రేడియస్ వర్గం ÷ కైనమాటిక్ చిక్కదనం (చిక్కదనం ÷ సాంద్రత). అది 5 అయితే 0.00025 సె., ఫ్రేముకి 67 సబ్‌స్టెప్‌లు. అక్కడ ఇంప్లిసిట్ పద్ధతి (రాబోయే స్థితిని సమీకరణంగా సాధించేది, పెద్ద స్టెప్‌కీ పేలదు) తప్పదు.

#21 చుక్కాని

చిక్కదనం సరిపోయిందో లేదో కంటితో తేల్చొద్దు. మీ తొట్టికే రెండు కొలతలు ఇస్తాను.

ఊగుడు: 4 మీ. తొట్టిలో 2 మీ. నీరు. గురుత్వ దిశని 3 డిగ్రీలు వంచి, నీళ్ళు కుదిరాక ఒక్కసారి నిలువు చేయండి. ఎడమ గోడ దగ్గర మట్టం గీయండి. ఒక ఊగుడు 2.37 సెకన్లు పట్టాలి. కాలం సరిగ్గా ఉండి, రెండు ఊగుళ్ళకే చచ్చిపోతే చిక్కదనం ఎక్కువ. కాలమే తప్పితే గురుత్వమో, స్టెప్ లెక్కో, నీటి లోతో తప్పు.

కంతలోంచి ధార: ఉపరితలానికి 1.6 మీ. కింద గోడలో 0.25 మీ. కంత పెట్టండి. ధార వేగం √(2 × 9.8 × 1.6) = 5.6 రావాలి. కంత దగ్గర కాదు, ధార సన్నబడ్డ చోట కొలవండి. పదును అంచు కంతలో ధార వెడల్పు కంతలో 0.61 వంతుకి తగ్గుతుంది. ఆ లెక్కన మట్టం సెకనుకి 21 సెం.మీ. దిగిపోతుంది, కాబట్టి బయటికొచ్చిన కణాల్ని నిదానంగా పైన మళ్ళీ వదులుతూ ఉండండి.

#22 తూము

సైఫన్ ఒక్కటి మిగిలింది.

#23 తెప్ప

అది మీ "సున్నాకి కట్" వల్ల. సైఫన్ మెడ దగ్గర పీడనం వాతావరణ పీడనం కంటే తక్కువ. మీ లోకంలో గాలి లేదు, మీ సున్నానే వాతావరణం. మెడలో పీడనం రుణం కావాలి, మీరు కావనివ్వడం లేదు. నీటి తాడు అక్కడ తెగిపోతుంది.

కట్ పూర్తిగా తీసేస్తే ఉపరితలం మీది కణాలు ముద్దలు కడతాయి, వాటికి సాంద్రత సహజంగా తక్కువ కదా. మధ్యే దారి: పొరుగు కణాలు, గోడ కణాలు కలిపి 10 లేదా ఎక్కువ ఉన్న కణానికే రుణ పీడనం ఇవ్వండి, దానికీ అడుగు హద్దు పెట్టండి. మెడ ఉపరితలానికి 0.5 మీ. పైన ఉంటే −4,900 పాస్కల్స్ కావాలి, −6,000 దగ్గర ఆపండి. గొట్టం లోపలి వెడల్పు 0.3 మీ. ఉండాలి, ముందే నిండి ఉండాలి. రుణ పీడనంలో కణాలు జంటలు కట్టే రోగం ఉంది, సుడిగుండం చెప్పిన కృత్రిమ పీడనం ఇక్కడా కొంచెం వేయాలి.

నిజం సైఫన్‌కి కూడా హద్దుంది, వాతావరణ పీడనం మోయగలిగేది సుమారు 10.3 మీటర్ల నీటినే. మీ లోకంలో ఆ హద్దు మీరు పెట్టిన అంకె.

#24 బుడగ

ఇంత చేశాక కూడా చూడ్డానికి గోళీల కుప్పలా ఉంటే?

#25 సుడిగుండం

గోళీలు గీయకండి. ప్రతి కణానికీ స్మూతింగ్ రేడియస్ అంత వెడల్పున, అంచుకి పలచబడే మచ్చని సగం రిజల్యూషన్ టెక్స్‌చర్‌లో కూడిక పద్ధతిలో గీసి, మొత్తం ఒక హద్దు దాటినచోట నీటి రంగు వేయండి. హద్దుని నిలిచిన నీటి లోపలి విలువలో సగం దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. ఒంటరి తుంపరలు ఆ హద్దుకి అందక మాయమైపోతాయి, కాబట్టి పొరుగువాళ్ళు ముగ్గురి కంటే తక్కువ ఉన్న కణాన్ని విడిగా, ఎడంలో సగం వ్యాసార్ధంతో చిన్న చుక్కగా గీయండి.